హైటెక్ సిటీ హెచ్ఆర్ వారికి: మా ఉమ్మి అడిగే ముందు మా షిఫ్టులు చూడండి

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఉద్యోగుల ఆరోగ్యం సంగతి చూసే హెచ్ఆర్ వారికి,

నమస్తే. ఈ ఏడాది హెల్త్ చెకప్ మెయిల్ అందింది. ఎప్పుడూ ఉండే షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ వరుసల కింద ఈసారి కొత్తగా ఒకటి చేర్చారు: డీఎన్ఏ ఆధారిత డయాబెటిస్ రిస్క్ టెస్ట్. చిన్న ట్యూబులో ఉమ్మి ఇస్తే చాలట, జన్యువులు చదివి ముందు ముందు షుగర్ వస్తుందో లేదో చెప్పేస్తారట, ఖర్చంతా కంపెనీదేనట. మా ఆఫీసు ఒక్కటే అనుకున్నాను. మాదాపూర్‌లో, కొండాపూర్‌లో పనిచేసే స్నేహితుల్ని కదిలిస్తే వాళ్లకీ ఏదో ఒక పేరుతో ఇలాంటి ప్యాకేజీలే వస్తున్నాయని తెలిసింది, అందుకే ఏ కంపెనీ పేరూ ఎత్తకుండా మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. ఆ వరుస తీసేయమని అడగడానికే ఇది.

నేనెవరో చెప్పాలి కదా. ఉస్మానియాలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేసి, ఆ తర్వాత అందరిలాగే అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు నేర్చుకుని ఐటీలో పడ్డాను. ఈ ఊళ్లో ఇలాంటి కథ వీధికొకటి ఉంటుంది. డాక్టర్ని కాను, పరిశోధకుల లెక్కలోకీ రాను. కానీ చదివిన సబ్జెక్టు మీద ఇష్టం పోలేదు, దాని గురించి వచ్చేవి చదువుతూనే ఉంటాను, మెయిల్‌తో వచ్చిన ఆ టెస్టు బ్రోచర్ తెరిచి రెండు పేజీలు చదివేసరికి అందులో ఎంత నిజం, ఎంత మార్కెటింగ్ అన్నది తెలిసిపోయింది.

ముందుగా ఒక మాట. జన్యువులకూ షుగర్‌కూ సంబంధం లేదని నేను వాదించడం లేదు. బాగా ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే పిల్లలకు జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతమనీ, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా వెళ్తుందనీ వైద్య పుస్తకాల్లోనే ఉంటుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "వంశంలో ఉందమ్మా, జాగ్రత్త" అంటారు చూడండి, ఆ మాట అక్షరాలా సైన్సే. 2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఒక తేడాను పట్టుకున్నారు. అమ్మ నుంచో నాన్న నుంచో ఆ తేడా ఉన్న కాపీ ఒకటి వస్తే పెద్దవయసులో వచ్చే షుగర్, అంటే టైప్ 2, రిస్క్ సుమారు 1.4 రెట్లవుతుంది, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు రెండు రెట్లు. మరుసటి ఏడాదే, 2007లో, మన హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం మన దేశంలోని షుగర్ పేషెంట్లలో కూడా అదే సంబంధం బలంగా ఉందని చూపించింది. ఆ తేడా ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఆగిపోదు, కాకపోతే అన్నం తిన్నాక ప్యాంక్రియాస్‌లోని బీటా కణాలు ఎంత చురుగ్గా ఇన్సులిన్ వదలాలో అంత చురుగ్గా వదలవు. వయసులో ఉన్నప్పుడు అది ఎవరికీ తెలియదు కూడా. పొట్ట పెరిగి, కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరి, ఉన్న ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం మానేసిన రోజున ఆ బద్ధకపు బీటా కణాలు చేతులెత్తేస్తాయి.

బ్రోచర్ ఇక్కడిదాకా సరిగ్గానే చెప్పింది. ఆ తర్వాత చెప్పనిదే ఎక్కువ.

సాధారణంగా జనంలో కనపడే తేడాల్లో టీసీఎఫ్7ఎల్2దే పెద్ద చెయ్యి. మిగిలినవన్నీ దానికంటే చిన్నవి, చాలావాటి ప్రభావం ఐదు శాతం, పది శాతం, కొన్నిటిది అంతకన్నా తక్కువ. అవి కూడా ఎన్నో తెలుసా? 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 25 లక్షలకు పైగా మనుషుల జన్యువుల్ని చూసి, అందులో 4 లక్షల 28 వేల మందికి పైగా షుగర్ ఉన్నవాళ్లే, డీఎన్ఏలో 611 చోట్ల షుగర్‌తో ముడిపడిన తేడాలున్నాయని తేల్చింది. 611 చోట్లు! కొన్ని ఇన్సులిన్ తయారీని తగ్గిస్తాయి, కొన్ని పొట్ట దగ్గర కొవ్వు పోగేస్తాయి, ఎఫ్‌టీఓ అనే జన్యువులోని తేడాల్లాంటివి ఆకలి పెంచి బరువు మీదుగా పనిచేస్తాయి, కొన్ని అసలు ఏం చేస్తాయో ఇంకా అంతుబట్టలేదు. అందరిలోనూ వీటిలో కొన్ని ఉంటాయి. నాలో, మీలో, ఆ ల్యాబు యజమానిలో కూడా. ల్యాబులవాళ్లు చేసేదల్లా కిరాణా కొట్టు చిట్టాలా వీటన్నిటినీ కూడి, వచ్చిన మొత్తానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగు పూయడం. కొందరు వేల తేడాలు చూస్తారు, కొందరు పదో ఇరవయ్యో చూసి సరిపెడతారు. మీ వెండర్ ఎన్ని చూస్తాడో బ్రోచర్‌లో వెతికితే నాకు కనపడలేదు, మీకు విడిగా ఏమైనా చెప్పాడా?

సరే, కూడిన మొత్తం ఎంత పనికొస్తుంది? దీనికి 2008లోనే ఒక సమాధానం వచ్చింది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరివాళ్లను తరాల తరబడి గమనిస్తూ వస్తున్న అధ్యయనం ఒకటుంది, గుండెజబ్బుల గురించి మనకు తెలిసినవాటిలో చాలా భాగం అక్కడిదే. వాళ్లు 18 తేడాలతో స్కోరు కట్టి, మామూలు వివరాలకు కలిపి చూశారు. షుగర్ రాబోయే మనిషినీ రాని మనిషినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరికి వస్తుందో చెప్పమంటే ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలం అన్నది వాళ్లు వాడిన కొలత, బొమ్మా బొరుసూ వేస్తే 0.5, తప్పే లేకపోతే 1. వయసు, వంశంలో షుగర్, బరువు, ఫాస్టింగ్ షుగర్, బీపీ లాంటివి మాత్రమే చూస్తే ఆ కొలత 0.900 వచ్చింది. జన్యు స్కోరు కూడా కలిపితే 0.901. ఆ 0.001 కోసం తలకు ఇన్ని వేలు పోస్తున్నామన్నమాట. ఆ తర్వాత స్కోర్లు మెరుగయ్యాయి, కాదనను. లక్షల తేడాలు కలిపి కట్టిన కొత్త స్కోర్లు చిన్న వయసువాళ్లలో కొంత ముందస్తు సమాచారం ఇస్తాయి. అయినా ముప్పై ఐదు దాటి, పొట్ట వచ్చి, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి విషయంలో టేపూ, రక్తపు చుక్కా చెప్పేదానికి అవి కలిపేది కొంచెమే.

టేపు అన్నాను కదా, దాని సంగతి మీలో ఎంతమందికి తెలుసో. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో మన జనం కోసమే ఒక స్కోరు తయారుచేసింది, ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ అంటారు. దానికి ల్యాబు అక్కర్లేదు, నాలుగే ప్రశ్నలు. వయసు 35 లోపైతే సున్నా, 35 నుంచి 49 అయితే 20, ఆపైన 30. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్లకు 80 లోపు ఉంటే సున్నా, అక్కడి నుంచి పది సెంటీమీటర్ల దాకా 10, ఆపైన 20. వ్యాయామమూ ఉండి ఒళ్లు వంచే పనీ ఉంటే సున్నా, రెండూ లేకపోతే 30, మధ్యలో ఉంటే 20. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. అన్నీ కలిపి 60 గానీ ఆపైన గానీ వస్తే రిస్క్ ఎక్కువ, వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకోవాలి. మా టీమ్‌లో ఒకాయనకు లంచ్‌లో కూర్చుని లెక్క కట్టాం. వయసు 38, నడుము 96, ఎక్సర్‌సైజ్ అంటే క్యాబ్ నుంచి లిఫ్ట్ దాకా నడవడమే, వాళ్ల నాన్నగారికి షుగర్. 20, 10, 30, 10. మొత్తం 70. బిల్లు వచ్చేలోగా అయిపోయింది.

ఇదే మనిషికి ఉమ్మి టెస్టులో ఆకుపచ్చ వచ్చిందనుకోండి. నా అసలు భయం అక్కడే. ఎరుపు వచ్చినవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది, ఓ రెండు వారాలు చపాతీలు తింటారు, ఆ తర్వాత మర్చిపోతారు, పెద్ద నష్టం లేదు. ఆకుపచ్చ వచ్చినవాళ్లు మాత్రం "నా జీన్స్ బాగున్నాయి బాస్" అని డబుల్ కా మీఠా రెండోసారి వడ్డించుకుంటారు. పైగా ఆ ఆకుపచ్చను మన విషయంలో ఎంత నమ్మవచ్చన్నదీ ప్రశ్నే. ఇలాంటి స్కోర్లు కట్టిన డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లది, ఇందాక చెప్పిన 2024 అధ్యయనం మిగతావాటికంటే చాలా నయం, అయినా అందులో కూడా 60 శాతం వాళ్లే. ఒక జనాభాలో కట్టిన స్కోరును ఇంకో జనాభాకు వాడితే గురి తప్పుతుందని జన్యుశాస్త్రంలో అందరూ ఒప్పుకున్న సంగతే. మన దగ్గర ఒక్కో కులం, ఒక్కో ప్రాంతం వందల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడంతో జన్యుపరంగా మనం ఒకే ముద్ద కాదు. జీనోమ్ ఇండియా అని 10 వేల మంది జన్యుక్రమాలు చదివిన ప్రాజెక్టులో సీసీఎంబీ కూడా ఉంది, ఆ డేటా మీద పని నడుస్తోంది. అదంతా పూర్తయి మనకు సరిపడే స్కోర్లు వచ్చాక ఈ ప్యాకేజీ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి, ఇది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఆశ్చర్యమే. పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3, అంటే ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు మోయడం మనవాళ్ల లక్షణం. దీనికి జన్యువులు కొంత కారణం, కడుపులో ఉన్నప్పుడు తల్లికి అందిన తిండి కొంత, ఆ తర్వాత మన బతుకు కొంత. ఆ మూడో వాటాలో ఆఫీసు భాగం ఎంతన్నది కాసేపట్లో అడుగుతాను.

వెండర్ మీకు ఇంకో మాట కచ్చితంగా చెప్పి ఉంటాడు: "తమ డీఎన్ఏలోనే రిస్క్ ఉందని తెలిస్తే ఉద్యోగులు మారతారు సార్, మోటివేషన్ వస్తుంది." వినడానికి బాగానే ఉంది. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. జన్యు రిస్క్ చెప్పినంత మాత్రాన జనం తిండి మార్చుకోలేదు, వ్యాయామం పెంచలేదు, సిగరెట్ మానలేదు. దానికి భిన్నంగా నిజంగా పనిచేసినదేమిటంటే, పక్కన ఎవరో ఒకరు ఉండి నడిపించడం. అమెరికాలో 2002లో ముగిసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, షుగర్ బార్డర్‌లో ఉన్న 3,234 మందిలో, తిండి, నడక విషయంలో గట్టిగా సాయం అందినవాళ్లకు షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం. అంత మంది అమెరికన్ల సంగతి మనకెందుకంటారేమో, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మంది మనవాళ్లతో ఇలాంటిదే చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది, అక్కడ జీవనశైలి మార్పుతో 28.5 శాతం తగ్గింది. మనకు లాభం కాస్త తక్కువే, అయినా మూడేళ్లలో అంతంటే చిన్నదేం కాదు. అసలు కొసమెరుపు ఏమిటంటే, ఆ అమెరికా ప్రోగ్రామ్‌లోని మనుషులకే తర్వాత టీసీఎఫ్7ఎల్2 పరీక్ష చేశారు. ఆ తేడా రెండు కాపీల్లోనూ ఉన్నవాళ్లలో, ఏ సాయమూ అందని గుంపులో షుగర్ ఎక్కువగా వచ్చింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో ఆ అదనపు రిస్క్ దాదాపు కనపడకుండా పోయింది. అంటే ఎర్ర రంగు వచ్చినా చేయాల్సిన పని అదే, ఆకుపచ్చ వచ్చినా అదే. చేయాల్సిన పని మారనప్పుడు ఆ టెస్టు ఎందుకండీ?

జన్యు పరీక్షలన్నీ దండగ అంటున్నానని మాత్రం అనుకోకండి, ఎమ్మెస్సీ చేసిన మనిషిని, ఆ మాట అనలేను. ఆరు నెలల లోపు పసిబిడ్డకు షుగర్ వస్తే జన్యు పరీక్ష చేసి తీరాలి, కేసీఎన్‌జే11 లాంటి జన్యువులో లోపం బయటపడితే రోజూ సూదులు పొడిపించుకునే బిడ్డను చాలాసార్లు మాత్రల మీదికి మార్చవచ్చు. పాతికేళ్ల లోపే షుగర్ వచ్చి, వరుసగా మూడు తరాల్లో అలాగే ఉంటే మోడీ అనే రకం కావచ్చు (రాజకీయాలేం లేవు, దాని పేరే అంత), అది ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది, ఆ జన్యువు ఏదో తెలిస్తే మందు మారిపోతుంది, జీసీకే రకమైతే సాధారణంగా మందే అవసరం పడదు. గ్రీన్‌లాండ్‌లో ఒకే తేడా రెండు కాపీలుంటే షుగర్ రిస్క్ పది రెట్లవుతుందని 2014లో తేలింది. మన తెలుగువాళ్లలోనే చూడండి, వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటంతో ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు తేలిగ్గా దిగదు, అది ముందే తెలిస్తే మత్తు డాక్టర్ జాగ్రత్తపడతాడు. ఇవన్నీ డాక్టరు ఒక మనిషిని చూసి, అనుమానం వచ్చి, కారణం చెప్పి రాసే పరీక్షలు. ఒక ఫ్లోర్ మొత్తం మీద ట్యూబులు పంచేవి కావు.

ఇక ఆఫీసు సంగతి. 2025లో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి మన ఊరి ఐటీ ఉద్యోగుల మీదే చేసిన అధ్యయనం సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది, పార్లమెంటులో కూడా ప్రస్తావనకు వచ్చింది, మీరు చూసే ఉంటారు. 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కాలేయంలో కొవ్వు చేరడమంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టే, ఇన్సులిన్ మాట వినని మొదటి అవయవాల్లో అదొకటి. ఈ 84 శాతం మందికీ చెడ్డ జన్యువులే వచ్చి, వాళ్లంతా ఏరి కోరి ఐటీ ఉద్యోగాల్లోనే చేరారంటారా? మన దేశంలో 1970ల మొదట్లో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సర్వే చేస్తే పట్టణాల్లో షుగర్ 2.1 శాతం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ఫలితాల్లో పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. అప్పటి కొలిచే పద్ధతి వేరు, ఆ మేరకు కాస్త తీసేసినా తేడా కొండంత. ఈ యాభై ఏళ్లలో మన తాతల జన్యువులు మారలేదు. మారింది వాటి చుట్టూ ఉన్నది.

ఆ చుట్టూ ఉన్నదాంట్లో మీ చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద అధ్యయనంలో 2 లక్షల 70 వేలమందికి పైగా ఉద్యోగుల్ని చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. మారే షిఫ్టుల్లో ఎక్కువగా రాత్రులు పనిచేసేవాళ్లలో షుగర్ ఉండే అవకాశం పగటి ఉద్యోగులకంటే 44 శాతం ఎక్కువ. వాళ్లలో కొందరి జన్యు స్కోర్లు కూడా కట్టి చూస్తే, స్కోరు ఎక్కువున్నా తక్కువున్నా నైట్ షిఫ్ట్‌తో ఈ సంబంధం మారలేదు. దయచేసి ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మంచి జన్యువులు నైట్ షిఫ్ట్ నుంచి ఎవర్నీ కాపాడలేదు. అమెరికా క్లయింటు కాల్ కోసం రాత్రి ఒంటిగంటకు మెలకువగా ఉండి, ఆ టైమ్‌లో క్యాంటీన్‌లో మిగిలిన ఫ్రైడ్ రైసో, ఆర్డర్ పెట్టిన బిర్యానీనో తిని, పొద్దున ఆరింటికి క్యాబ్‌లో కునుకుతూ మియాపూర్ చేరి, పిల్లల్ని స్కూలుకు పంపి, ఎండ కిటికీలోంచి పడుతుంటే పడుకునే మనిషికి మీరు ఉమ్మి టెస్టు చేయించి "మీ రిస్క్ మీ డీఎన్ఏలో ఉంది" అని పీడీఎఫ్ పంపుతున్నారు. షిఫ్ట్ రోస్టర్ కూడా మీ డిపార్ట్‌మెంట్ నుంచే కదా వస్తుంది.

మీరు కావాలని ఇలా చేస్తున్నారని నేననుకోవడం లేదు. కానీ ఈ టెస్టు వల్ల జరిగేది మాత్రం ఇదే, భారం కంపెనీ మీద నుంచి జారి మా అమ్మమ్మల మీదికి పోతుంది. రోస్టర్ మార్చడం కష్టం, మేనేజర్లు ఒప్పుకోరు, క్లయింటు ఊరుకోడు. ట్యూబులు పంచడం తేలిక, ఫొటోలు కూడా బాగా వస్తాయి.

ఇంకో పెద్ద ముడి ఉంది, ఆ ఉమ్మి తర్వాత ఎక్కడికి పోతుందన్నది. ఫారమ్‌లో కింద చిన్న అక్షరాల్లో "భాగస్వామ్య సంస్థలతో పంచుకోవచ్చు" అని ఉంది, దాని పక్కన టిక్ పెడితేనే ముందుకు వెళ్తుంది. మీలో చాలా ఆఫీసులకు మాతృసంస్థ అమెరికాలో ఉంది. అక్కడ 2008 నుంచి ఉద్యోగంలో గానీ ఆరోగ్య బీమాలో గానీ జన్యు సమాచారం చూసి వివక్ష చూపడాన్ని చట్టం నిషేధించింది. ఇక్కడ మాకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని వేరే సున్నితమైన తరగతిగా చూడదు, దాని లెక్కలో నా ఫోన్ నంబరూ, నా డీఎన్ఏ ఒకటే, ఉద్యోగ అవసరాల పేరుతో యజమానికి కొన్ని మినహాయింపులు కూడా ఇచ్చింది. జన్యు వ్యాధి అన్న పేరుతో బీమా కంపెనీలు అడ్డగోలుగా క్లెయిములు తోసిపుచ్చడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2018లో చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఏం జరుగుతోందో ఊహించుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మీ పక్కనే, నానక్‌రామ్‌గూడలోనే ఉంది, మీ వెండర్ కాగితాలు పట్టుకుని వెళ్లి ఒకసారి అడిగి చూడండి. వెండర్ల భరోసా గురించంటే, ఈ వ్యాపారంలో ప్రపంచంలోకెల్లా పేరున్న ట్వంటీత్రీఅండ్‌మీ కంపెనీ డేటా 2023లో చోరీ అయింది, సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నర మంది కస్టమర్ల జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందా అని అక్కడి రాష్ట్రాల అటార్నీ జనరళ్లు జనాన్ని మీ డేటా డిలీట్ చేసుకోండి అని హెచ్చరించాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. దీన్నెలా మార్చుకోవాలి? పైగా నా డీఎన్ఏలో సగం మా చెల్లిది కూడా, ఆ ఫారమ్ మీద మా చెల్లి సంతకం ఎవరూ అడగలేదు.

అయితే ఏం చేయమంటావ్ అని అడుగుతారు. ఆ డబ్బుతోనే చాలా చేయవచ్చు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఫాస్టింగ్ షుగర్‌తో పాటు మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, చేయించండి. 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్లను "బార్డర్‌లో ఉన్నారు" అని వదిలేయకుండా ఒక డాక్టరు దగ్గర, ఒక డైటీషియన్ దగ్గర ఏడాదంతా కూర్చోబెట్టండి, అసలు ఫలితం వచ్చేది అక్కడే అని పైన చెప్పిన అమెరికా, చెన్నై అధ్యయనాలు రెండూ చూపించాయి. హెచ్‌బీఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూడమని ల్యాబుకు చెప్పండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, ఐరన్ తక్కువైతే ఈ పరీక్షలో అంకె పైకి పోతుంది, పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం లాంటివి ఉంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అలాంటివాళ్లకు ఫాస్టింగ్, తిన్న తర్వాతి షుగర్ మీదే ఆధారపడాలి. (జన్యువులు నిజంగా ఉపయోగపడే చోటు ఇది, ఏ బ్రోచర్‌లోనూ కనపడదు.) రిపోర్టు ఉద్యోగికి మాత్రమే రావాలి, మీకు పేర్లు లేని మొత్తం లెక్క చాలు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తర్వాత తగ్గిన ఆడవాళ్లను అసలు మర్చిపోకండి, వాళ్లకు తర్వాత టైప్ 2 వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా రెట్లు ఎక్కువ, అయినా మీ ఫారమ్‌లో ఆ ప్రశ్నే లేదు.

రోస్టర్ విషయంలో ఒక్కటే అడుగుతున్నాను, నైట్ షిఫ్ట్ ఎవరు ఎన్ని నెలలు వరుసగా చేస్తున్నారో కనీసం లెక్క తీయండి, ఆ లెక్కనూ బార్డర్‌లో ఉన్నవాళ్ల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి. నైట్ క్యాంటీన్‌లో మైదా, నూనె తప్ప ఇంకేమైనా దొరికేలా చూడండి, ఒక గుడ్డు, ఉడకబెట్టిన శనగలు, పెరుగన్నం పెట్టడానికి బోర్డు మీటింగ్ అక్కర్లేదు. సెక్యూరిటీ పేరుతో మెట్ల దారికి వేసిన తాళం తీయించండి. నాలుగింటి చాయ్, ఉస్మానియా బిస్కెట్ల జోలికి మాత్రం పోకండి, అంత కఠినంగా ఉండక్కర్లేదు.

మెయిల్‌లో ఇచ్చిన గడువు ఈ నెలాఖరు. నేను ఆ ట్యూబు తీసుకోవడం లేదు, ఫారమ్‌లో ఆ వరుసకు ఎదురుగా "వద్దు" అని రాసి పంపుతున్నాను, అలా రాయడానికి వీలు లేకపోతే వీలు కల్పించమని మీ హెల్ప్‌డెస్క్‌లో టికెట్ కూడా వేశాను. నడుము కొలత మాత్రం ఎప్పుడంటే అప్పుడు ఇస్తాను. టేపు పట్టుకుని వచ్చే మనిషిని పొద్దున పదింటికి పంపకండి, మా ఫ్లోర్‌లో అప్పుడు ఎవరూ ఉండరు, రాత్రి ఎనిమిది తర్వాత పంపండి.

ఇట్లు,
రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక టెస్ట్ ఇంజినీర్,
గచ్చిబౌలి, హైదరాబాద్